పెద్ద లెన్స్ కొనే ముందు: వసంతకాలపు నడకల్లో పక్షులను చూడడం, ఫోటో తీయడం

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. వసంతం మొదలైనప్పటి నుంచి మీరు రోజూ ఉదయం గంటసేపు, సుమారు నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నారు. కూతలు నాలుగు వైపుల నుంచీ వినిపిస్తున్నా పక్షులు కంటికి చిక్కడం లేదు. చిక్కినవి కెమెరా ఎత్తేలోపే ఎగిరిపోతున్నాయి. ఎలాగో తీసిన ఫోటోల్లో పక్షికి బదులు ఆకాశం మీద ఒక నల్లటి మచ్చ మిగులుతోంది. మీ చేతిలో 70–300 మి.మీ. జూమ్ లెన్స్ ఉంది (ఈ అంకె పెరిగేకొద్దీ దూరపు పక్షి అంత పెద్దగా వస్తుంది). దాన్ని పక్కన పెట్టి 600 మి.మీ. దాకా వెళ్లే లెన్స్ కొనాలా అన్నది మీ సందేహం. ఇరవై ఏళ్లకు పైగా ఉదయాలన్నీ ఈ పనికే ఇచ్చినవాడిగా నేను చెప్పేది ఒక్కటే: ఈ వసంతానికి కొనవద్దు. మీకు కావలసినది దూరం తగ్గడం. ఆ దూరాన్ని మీరు పక్షి దగ్గరికి వెళ్లి తగ్గించలేరు. ఒక చోట నిలబడిపోతే పక్షే వచ్చి తగ్గిస్తుంది.

దీన్ని చిన్న లెక్కతో చూపిస్తాను. ముక్కు కొస నుంచి తోక చివరి దాకా 15 సెంటీమీటర్లుండే పిచ్చుకను 20 మీటర్ల దూరం నుంచి 300 మి.మీ. వద్ద తీస్తే, సెన్సార్ మీద, అంటే కెమెరా లోపల బొమ్మ పడే పలక మీద, అది 2.25 మిల్లీమీటర్లుంటుంది. చాలా కెమెరాల్లో ఉండే ఏ.పి.ఎస్.-సి. రకం సెన్సార్ వెడల్పు 23.5 మిల్లీమీటర్ల వరకూ ఉంటుంది కనుక పక్షి చిత్రం వెడల్పులో పదో వంతుకు కూడా రాదు. అదే లెన్స్‌తో 10 మీటర్ల నుంచి తీస్తే బొమ్మ 4.5 మిల్లీమీటర్లవుతుంది. 20 మీటర్ల నుంచి 600 మి.మీ. లెన్స్ ఇచ్చేది కూడా సరిగ్గా ఇంతే. కానీ ఈ రెండు చిత్రాలూ సమానం కావు. మధ్యలో ఉన్న గాలి ఎంత ఎక్కువైతే అందులోని దుమ్ము, తేమ, పొద్దెక్కాక నేల నుంచి లేచే సెగ అంతగా ఈకల అంచులను కరిగించేస్తాయి. పెద్ద లెన్స్ పక్షితో పాటు ఆ సెగను కూడా పెద్దది చేసి చూపిస్తుంది. దగ్గరి నుంచి చిన్న లెన్స్‌తో తీసిన చిత్రంలో కనిపించే ఈకల పొందిక, దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీసినదానిలో చాలాసార్లు కనిపించదు.

కాబట్టి మొదట మార్చుకోవలసింది నడక. నాలుగు కిలోమీటర్లను నాలుగు వందల మీటర్లకు కుదించండి. ఆరోగ్యం కోసం చేసే నడకను వేరే పూటకు పెట్టుకోండి. రెండూ ఒకేసారి సాగవు. ఆ నాలుగు వందల మీటర్లలో మూడు చోట్లు ఎంచుకుని, ఒక్కో చోట పదిహేను ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడండి, వీలైతే చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చోండి. మీరు వచ్చిన మొదటి అయిదు నిమిషాల్లో ఆ చోటు ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే మీ అడుగుల చప్పుడుకు పక్షులన్నీ గొంతు మూసుకుని ఆకుల వెనక్కి జరిగి ఉంటాయి. ఆరో ఏడో నిమిషంలో ఒక పిగిలిపిట్ట ముందుగా బయటికి వస్తుంది. అది ధైర్యం చేసి కూయడం మొదలుపెట్టాక మిగిలినవి ఒక్కొక్కటిగా తమ పనుల్లో పడతాయి. కొత్తవాళ్లలో చాలామంది సరిగ్గా అయిదో నిమిషంలో విసుగు చెంది, తెర లేచే ముందే లేచిపోతారు.

చోటు ఎంపికలో ఒక సూత్రం పనికొస్తుంది: రెండు రకాల నేలలు కలిసే అంచును చూసుకోండి. నీరు, గట్టు కలిసే చోటు, తోపు ఆగి బయలు మొదలయ్యే చోటు, పొదలు పలచబడి గడ్డి వచ్చే చోటు, ఇలాంటి అంచుల్లో తిండి, చాటు రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. వాటిలోనూ పూత మీద గాని పండు మీద గాని ఉన్న చెట్టు, ఓ నీటి గుంట, ఆకులు లేని ఒంటరి ఎండుకొమ్మ కనబడితే అక్కడ ఆగిపోండి. పురుగుల్ని గాలిలో పట్టుకునే ఏట్రింత (డ్రాంగో), నీటి మీద కన్నేసే లకుముకి, హద్దు కాసుకునే గద్ద, అన్నిటికీ ఆ ఎండుకొమ్మే కావాలి. చెట్లు ఆకు రాల్చి చిగురు తొడిగే మధ్య వ్యవధి చాలా తక్కువ. ఆ కొద్ది వారాల్లో కొమ్మల్లోని పక్షి కనిపించినంత స్పష్టంగా ఏడాదిలో మరెప్పుడూ కనిపించదు. సమయం సంగతి వేరే చెప్పనక్కర్లేదు: తూర్పు తెల్లబడక ముందే మీ చోట మీరు ఉండాలి, సూర్యోదయం తరువాత రెండు గంటలకు ఇంటికి తిరగవచ్చు.

పక్షి దగ్గరికి జరగక తప్పనప్పుడు దాని మీదికి సూటిగా నడవకండి. తన మీదికి నేరుగా వచ్చేదేదైనా పక్షికి వేటగాడే. పక్కగా, ఏటవాలుగా, ఎక్కడికో పోతున్నట్టు నడిచేవాడిని అది చాలాసేపు సహిస్తుంది. నాలుగు అడుగులు వేసి ఆగండి. మేస్తున్న పక్షి తల ఎత్తి మెడ నిక్కించి మిమ్మల్ని చూస్తే, మీరు దాని గీత దాటుతున్నారని అర్థం. అది మళ్లీ తల దించి మేత మొదలుపెట్టేదాకా కదలవద్దు; దించకపోతే రెండడుగులు వెనక్కి వేయండి. బట్టల రంగు గురించి అవసరానికి మించి చర్చిస్తుంటారు. మట్టిరంగు మంచిదే గానీ, ఆకుపచ్చ చొక్కా వేసుకుని చేతులు ఊపేవాడికన్నా తెల్ల చొక్కాతో కదలకుండా కూర్చున్నవాడికే ఎక్కువ పక్షులు కనిపిస్తాయి. బ్రిటన్‌లో పక్షుల ఫోటోగ్రఫీకి దారి వేసిన కీర్టన్ సోదరులు, రిచర్డ్, చెర్రీ, మాటు కోసం బోలు ఎద్దు బొమ్మను చేయించుకుని అందులో దూరి కూర్చునేవారు. మనకు అంత అవసరం లేదు; ఆగి ఉన్న కారు కిటికీ అంతకన్నా మంచి మాటు, ఎందుకంటే పక్షులు కారును చూసి భయపడేదానికన్నా అందులోంచి దిగిన మనిషిని చూసి ఎక్కువ భయపడతాయి.

మొదటి మూడు రోజులు కెమెరా ఇంట్లోనే ఉంచి బైనాక్యులర్లు ఒక్కటే తీసుకువెళ్లమని నా సలహా. లెన్స్ మీద పెట్టాలనుకున్న సొమ్ములో కొంత వీటి మీద పెడితే మీకు ఎక్కువ మేలు జరుగుతుంది. వాటి మీద ఉండే 8×42 అన్న అంకెల్లో మొదటిది ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో, రెండోది ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి. 42ను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు మీ కంటిలోకి వచ్చే వెలుగు పుంజం వెడల్పు. 10×42లో అది 4.2కు తగ్గుతుంది. మసక వెలుగులో ఆ తేడా బాగా తెలుస్తుంది, చేతి వణుకు కూడా పదిరెట్ల దానిలో ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే మొదటిసారి కొనేవారికి ఎనిమిది రెట్లది చాలంటాను. పక్షి కనబడగానే అందరూ చేసే పొరపాటు, చూపు దించి బైనాక్యులర్లను వెతుక్కోవడం. చూపు పక్షి మీదే ఉంచి, తల కదపకుండా, బైనాక్యులర్లను కళ్ల ముందుకు తెచ్చుకోవడం అలవాటు చేసుకోండి. ఇదే అలవాటు తరువాత కెమెరాతోనూ పనికొస్తుంది. మీరు కెమెరా ఎత్తేలోపే ఎగిరిపోతున్నాయన్న ఫిర్యాదులో సగం ఈ ఒక్క కదలికలోనే ఉంది.

చూపు కన్నా ముందు చెవి పని చేస్తుంది. కూతలు వినిపించినా పక్షి కనబడడం లేదని రాశారు గదా, అంటే సగం పని జరిగినట్టే. పక్షి గొంతు మన గొంతులాంటిది కాదు. శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉండే స్వరపేటికతో అది పాడుతుంది, చాలా పాటపక్షులు రెండు పాయలతోనూ ఒకేసారి వేర్వేరు ధ్వనులు పుట్టించగలవు. అందుకే వసంతంలో ఒకే పక్షి రెండు మూడు పక్షుల్లా వినిపించడం సహజం. కూత ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే తలను మెల్లగా ఎడమకూ కుడికీ తిప్పండి, రెండు చెవులకూ ధ్వని సమానంగా తాకిన దిక్కున చూపు నిలపండి, ఆకులను కాకుండా ఆకుల్లో కదలికను వెతకండి. వారానికి ఒక గొంతు నేర్చుకుంటే చాలు. కోయిలతో మొదలుపెట్టవచ్చు. కోయిలమ్మ అని మనం ముద్దుగా పిలుచుకునే ఆ కుహూరవం నిజానికి నల్లటి మగపక్షిది. గోధుమరంగు మీద తెల్లని చుక్కలుండే ఆడపక్షి గొంతు తెగకోసినట్టు కిక్-కిక్-కిక్ మంటుంది, దాన్ని విన్న చాలామంది అది వేరే పక్షి అనుకుంటారు.

వసంతమే ఎందుకు అన్నదానికి వస్తాను, ఎందుకంటే మీ ఫోటోలకు విషయం దొరికేది ఇక్కడే. పక్షుల శరీరాలు ఈ కాలాన్ని గుర్తుపట్టేది ముఖ్యంగా పగటి నిడివిని బట్టి. 1920లలో కెనడాలోని ఆల్బర్టాలో విలియం రోవన్ అనే శాస్త్రవేత్త శీతకాలంలో పట్టిన జంకో అనే చిన్న పక్షులకు ఆరుబయటి గూళ్లలో విద్యుద్దీపాలతో పగటిని రోజురోజుకూ కొద్దికొద్దిగా పొడిగించాడు. బయట ఎముకలు కొరికే చలి ఉన్నా వాటి జననాంగాలు వసంతంలోలాగా పెరిగాయి. వర్షం, ఎండ, తిండి అటూ ఇటూ మార్చగలవు గానీ అసలు గడియారం వెలుగే. అందుకే నిరుడు మీ దారిలో తేనెపిట్ట గూడు కట్టడం మొదలుపెట్టిన వారాన్ని రాసి పెట్టుకుంటే, ఈ ఏడు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే అక్కడ నిలబడవచ్చు.

ఈ రోజుల్లో అందరికీ తెలిసిన పక్షి కూడా కొత్తగా కనబడుతుంది. గుడ్డి కొంగనే చూడండి. ఏడాదిలో ఎక్కువ కాలం అది బురదరంగు చారలతో, మెడ కుదించుకుని, పక్కనే ఉన్నా కనబడనంతగా గట్టులో కలిసిపోయి కూర్చుంటుంది. లేచినప్పుడు మాత్రమే తెల్లని రెక్కలు తటాలున మెరుస్తాయి. వసంతం ముదిరి గూడు కట్టే రోజులు దగ్గరపడేసరికి దాని వీపు మీద ముదురు ఎరుపు, దాదాపు ద్రాక్షరంగు ఈకలు పీచులా జారి రెక్కలను కప్పుతాయి, మెడ లేత పసుపు గోధుమవన్నెకు తిరుగుతుంది. ఏ నీటి గుంట పక్కనైనా ఒకే పక్షిని వారానికోసారి ఒకే చోటి నుంచి తీసి ఆరు వారాల చిత్రాలు పక్కపక్కన పెట్టుకోండి. నా దగ్గరున్న చిత్రాల్లో అరుదైన పక్షులవి చాలానే ఉన్నా, చూసినవారు ఎక్కువసేపు ఆగేది అలాంటి ఆరు చిత్రాల వరుస దగ్గరే.

చిన్న తెల్ల కొంగకు ఈ కాలంలో తల వెనక రెండు పొడవాటి ఈకలు, వీపు మీద అల్లికలాంటి కుచ్చు వస్తాయి. పశువుల వెంట తిరిగే కొంగకు తల, మెడ నారింజవన్నెకు వస్తాయి. పెద్ద తెల్ల కొంగ పసుపుముక్కు నల్లబడుతుంది. కొత్తవారు వీటిని వేరు వేరు పక్షులుగా రాసుకోవడం మామూలే. కాళ్ల వేళ్లు చూడడం అలవాటు చేసుకుంటే, నల్లని కాళ్లకు పసుపు వేళ్లున్నది చిన్న తెల్ల కొంగేనని తేలిపోతుంది. ఆ కుచ్చు ఈకల వెనక ఒక చేదు చరిత్ర కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆడవారి టోపీల అలంకారం కోసం కొంగలను సరిగ్గా గూళ్ల మీద ఉన్నప్పుడే చంపేవారు, ఎందుకంటే ఆ ఈకలు అప్పుడే ఉంటాయి. దాన్ని వ్యతిరేకిస్తూ 1889లో ఇంగ్లండ్‌లో ఎమిలీ విలియమ్సన్, 1896లో బోస్టన్‌లో హ్యారియట్ హెమెన్‌వే, మిన్నా హాల్ మొదలుపెట్టిన సంఘాలే నేటి పెద్ద పక్షి సంరక్షణ సంస్థల్లో రెండింటికి పునాది.

ఇప్పుడు మీ నల్లటి మచ్చల సంగతి. కెమెరా తాను చూసే దృశ్యమంతా సగటున ఒక మధ్యస్థపు బూడిదరంగు అనుకుని వెలుగును కొలుస్తుంది. చిత్రంలో ముప్పావు భాగం తెల్లని ఆకాశమైతే, ఆ తెలుపును బూడిదరంగుకు తెచ్చే ప్రయత్నంలో పక్షిని నల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే మీట ఇందుకే ఉంది: ఆకాశం నేపథ్యంగా ఉన్న పక్షికి +1 నుంచి +1.7 వరకూ పెంచండి. ముదురు నీటి ముందు నిలబడిన తెల్ల కొంగకు దీనికి ఎదురు, −0.7 నుంచి −1 వరకూ తగ్గించాలి, లేకపోతే ఈకలన్నీ సున్నం పూసినట్టు ఒకటే తెలుపైపోతాయి. అయితే పెంచడం తగ్గించడం కన్నా మేలైన ఉపాయం నేపథ్యాన్నే మార్చడం. రెండడుగులు పక్కకు జరిగినా, గట్టు మీదికి కాస్త ఎక్కినా పక్షి వెనక ఆకాశానికి బదులు దూరపు చెట్లు వస్తాయి. పక్షి కంటి ఎత్తుకు మన కెమెరా ఎంత దగ్గరగా వస్తే చిత్రం అంత బాగుంటుంది. నేల మీద తిరిగే పక్షికి మోకాళ్ల మీద కూర్చోవడం, వీలైతే పొట్ట మీద పడుకోవడం తప్పదు. తల ఎత్తి చెట్టు కొనన ఉన్నవాటిని తీయడం మానేస్తే మీ చిత్రాల్లో సగం బాగుపడతాయి.

వెలుగు దిక్కుకు ఒక గుర్తు చెబుతాను: ఉదయం పూట మీ నీడ పక్షి వైపు చాచి ఉండేలా నిలబడండి. తేనెపిట్ట మగదాని గొంతు మీద మెరిసే ఊదా, నీలి వన్నెలు రంగు పదార్థం వల్ల వచ్చినవి కావు, ఈకల సూక్ష్మ నిర్మాణం మీద వెలుగు విరిగి పుట్టినవి. లకుముకి నీలం కూడా నిర్మాణం నుంచి పుట్టేదే. ఎండ మీ వెనక నుంచి పడితే తేనెపిట్ట మెరుస్తుంది, ఎదురుగా పడితే అదే పక్షి బొగ్గుముక్కలా కనబడుతుంది. నాకు తొలిరోజుల్లో ఈ సంగతి తెలియక ఒకే పక్షిని రెండు జాతులుగా నా పుస్తకంలో రాసుకున్నాను.

షట్టర్ వేగం, అంటే కెమెరా వెలుగును లోపలికి వదిలే సమయం ఎంత తక్కువన్నది, దాని దగ్గర పొదుపు చేయవద్దు. కొమ్మ మీద కుదురుగా కూర్చున్న పక్షికి 1/500 సెకను, నడుస్తూ గింజలు ఏరుకునేదానికి 1/1000, ఎగిరేదానికి 1/2000, రెక్కలు గబగబా కొట్టే చిన్నవాటికి 1/3200 అన్నవి మొదలుపెట్టడానికి మంచి అంకెలు. లెన్స్‌లో వణుకును ఆపే ఏర్పాటు ఉందని 1/60 దగ్గర తీసేవారిని చూశాను; అది మీ చేతి వణుకును ఆపుతుంది గానీ పక్షి తల తిప్పడాన్ని ఆపదు. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం) పూర్తిగా తెరిచి ఉంచండి, ఐ.ఎస్.ఓ.ను (వెలుగుకు కెమెరా స్పందించే మోతాదును) కెమెరాకే వదిలి పై హద్దు మాత్రం మీరు పెట్టండి. ఐ.ఎస్.ఓ. పెరిగితే చిత్రంలో వచ్చే గరుకుదనాన్ని తరువాత కంప్యూటరులో తగ్గించుకోవచ్చు, చెదిరిన బొమ్మను బాగుచేయడం చాలా కష్టం. రా ఫైలుగా, అంటే కెమెరా పట్టినదంతా తగ్గించకుండా దాచే ఫైలుగా, తీయడం అలవాటు చేసుకోండి. ఫోకస్‌కు వెడల్పాటి మండలం కాకుండా ఒక్క బిందువును ఎంచుకుని కంటి మీద పెట్టండి, లేకపోతే ముందున్న పుల్ల స్పష్టంగా, వెనకున్న పక్షి మసకగా వస్తాయి. ఇంతకు మించి అమరికల గురించి చెప్పడానికి పెద్దగా లేదు.

పక్షి తరువాత ఏం చేస్తుందో తెలిస్తే అమరికల కన్నా ఎక్కువ లాభం. పెద్ద పక్షి ఎగరబోయే ముందు తరచుగా రెట్ట వేస్తుంది, ఒళ్లు కుదించుకుని ముందుకు వంగుతుంది, మెడ చాచి వెళ్లదలచిన వైపు చూస్తుంది. ఎగిరేటప్పుడూ వాలేటప్పుడూ గాలికి ఎదురుగానే తిరుగుతుంది. అందుచేత గాలి, ఎండ రెండూ మీ వీపు వైపు నుంచి వచ్చే ఉదయం దొరికితే ఇంట్లో కూర్చోవద్దు. ఆ రోజు ప్రతి పక్షీ మీ వైపే ముఖం పెట్టి, ముఖం మీద ఎండతో లేస్తుంది. లకుముకి ఒకసారి వాలిన పుల్ల మీదికే మళ్లీ మళ్లీ వస్తుంది కనుక అది లేని సమయంలోనే ఆ పుల్ల మీద ఫోకస్ సరిచేసి పెట్టుకోవచ్చు. చేపతో తిరిగి వచ్చాక దాని ముక్కును గమనించండి. చేపను పుల్లకేసి బాది, తల ముందుగా గొంతులోకి పోయేలా తిప్పుకుందంటే అది తన ఆకలి కోసం. చేప తల ముక్కు కొస వైపు, తోక గొంతు వైపు ఉండేలా పట్టుకుందంటే అది మరొకరి నోటికి అందించడానికి, అంటే జతపక్షికో పిల్లలకో. అలా పట్టుకుని మిమ్మల్ని చూస్తూ ఎటూ పోకుండా కూర్చుందంటే, మీరే దాని దారిలో, మట్టిగట్టులోని బొరియకు అడ్డంగా ఉన్నారేమో చూసుకోండి.

ఇక్కడే వసంతకాలపు ఫోటోగ్రఫీలో నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న విషయం వస్తుంది. ఒక వేసవి మొదట్లో ఎండిన కుంట మధ్యలో ఒక తీతువు నా చుట్టూ తిరుగుతూ కేకలు పెడుతూ, మీదికి దూకుతూ కనిపించింది. ఇంత దగ్గరగా, ఇంత ధైర్యంగా ఏ తీతువూ దొరకలేదన్న సంబరంలో అక్కడే నలభై నిమిషాలు నిలబడి రెండు వందల దాకా చిత్రాలు తీశాను. రాత్రి వాటిని పెద్ద తెర మీద చూస్తుంటే, ఒక చిత్రం అంచున, నా సంచికి రెండు బారల దూరంలో, గులకరాళ్ల మధ్య నాలుగు మచ్చల గుడ్లు కనిపించాయి. ఎండ కాస్తున్నప్పుడు తీతువు గుడ్ల మీద నీడగా నిలబడుతుంది, పొట్ట ఈకలు నీటిలో తడిపి తెచ్చి వాటిని చల్లబరుస్తుంది. ఆ నలభై నిమిషాలూ నేను ఆ పని జరగనివ్వలేదు. మర్నాడు చాలా దూరం నుంచి బైనాక్యులర్లతో చూస్తే పక్షి గుడ్ల మీదే కూర్చుని ఉంది. ఆ తరువాత ఏమైందో చూడడానికి మళ్లీ దగ్గరికి వెళ్లే హక్కు నాకు లేదనిపించింది. ఆ రెండు వందల చిత్రాల్లో ఒక్కటీ నేనెవరికీ చూపలేదు.

అప్పటి నుంచి నేను పాటించేవి మీరూ పాటించండి. పక్షి మీ చుట్టూ తిరిగి అరుస్తున్నా, ముక్కున పురుగునో పుల్లనో పట్టుకుని ఎక్కడికీ పోకుండా తచ్చాడుతున్నా, రెక్క విరిగినట్టు నటిస్తూ మిమ్మల్ని దూరం లాక్కుపోతున్నా, గూడు దగ్గరలోనే ఉందని గ్రహించి, వచ్చిన దారినే, అడుగు ఎక్కడ వేస్తున్నారో చూసుకుంటూ వెనక్కి వెళ్లిపోండి. గూటికి అడ్డమున్న ఆకును తుంచవద్దు; ఆ ఆకే ఎండ నుంచీ కాకి నుంచీ పిల్లలను కాపాడేది. నేల మీద కనబడిన రెక్కలొచ్చిన పిల్లను అనాథ అనుకుని ఇంటికి తీసుకుపోవద్దు, తల్లిదండ్రులు మీరెప్పుడు కదులుతారా అని పక్క కొమ్మ మీదే ఎదురుచూస్తుంటాయి. ఫోనులో కూత వినిపించి పక్షిని రప్పించడం ఈ కాలంలో అసలే చేయకూడదు. తన హద్దులోకి ఎవరో పోటీదారు చొరబడ్డాడని మగపక్షి తిండి మానుకుని, లేని శత్రువు కోసం ఆ పొదలన్నీ గాలిస్తుంది. గుడ్లగూబ గూటి జోలికి వెళ్లవద్దనడానికి మీ క్షేమం కూడా ఒక కారణం: బ్రిటన్‌లోని ప్రఖ్యాత పక్షి ఫోటోగ్రాఫర్ ఎరిక్ హోస్కింగ్ 1937లో గుడ్లగూబ గూడు దగ్గర పని చేస్తుండగా దాని గోళ్ల దెబ్బకు ఒక కన్ను పోగొట్టుకున్నాడు.

పక్షుల పేర్ల కోసం యాప్‌లు వాడవచ్చా అని కూడా అడిగారు. నిస్సంకోచంగా వాడండి. కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షి పరిశోధనశాల తెచ్చిన మెర్లిన్ అనే యాప్ ఫోటోను బట్టి, 2021 నుంచి కూతను బట్టి కూడా పేరు సూచిస్తుంది. కానీ అది సూచనే, తీర్పు కాదు. అది చూపిన పక్షిని కళ్లతో చూసేదాకా నా జాబితాలో రాసుకోను. అదే పరిశోధనశాల అమెరికాలోని ఆడుబాన్ పక్షి సంరక్షణ సంఘంతో కలిసి 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్ అనే ఆన్‌లైన్ పక్షుల పట్టీలో మీ నడకల లెక్కలు చేర్చితే మీ నాలుగు వందల మీటర్ల దారి చరిత్ర ఏళ్ల తరబడి ఒకచోట నిలిచి ఉంటుంది. గూళ్ల చిత్రాలకు మాత్రం ఎక్కడా చోటు పేరు పెట్టవద్దు. వీటితో పాటు చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి ఉంచుకోండి. తేదీ, గంట, గాలి దిక్కు, ఏ కొమ్మ, ఏం చేస్తోంది అన్న అయిదు మాటలు అక్కడికక్కడే రాయండి, ఇంటికి వచ్చాక రాద్దామనుకుంటే సగం మరిచిపోతాం.

రేపటి నుంచి ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. మూడు రోజులు బైనాక్యులర్లు, పుస్తకంతో మాత్రమే వెళ్లి, మీ మూడు చోట్లలో ఏ పక్షి ఏ కొమ్మ మీదికి రెండోసారి వచ్చిందో గుర్తుపెట్టుకోండి. నాలుగో రోజు కెమెరాతో ఆ ఒక్క కొమ్మ దగ్గరికే, సూర్యుడు మీ వెనక ఉండేలా, పది పన్నెండు మీటర్ల దూరంలో, వెలుతురు రాకముందే వెళ్లి కూర్చోండి. లెన్స్ 300 దగ్గర, వేగం 1/1000 దగ్గర, ఫోకస్ ఆ కొమ్మ మీద సిద్ధంగా ఉంచి చేతులు ఒళ్లో పెట్టుకోండి. పక్షి వచ్చి వాలిన వెంటనే కెమెరా ఎత్తకండి. అది రెండుసార్లు అటూ ఇటూ చూసి ఈకలు సర్దుకునేదాకా ఆగి, అప్పుడు మెల్లగా ఎత్తండి.

ఇక ఆ పెద్ద లెన్స్ ఎప్పుడు కొనాలన్నది. బయలు నీటి మధ్యలో తేలే బాతులు, ఎత్తున తిరిగే గద్దలు, గట్టుకు రాకుండా బురద మధ్య మేసే ఉల్లంకుల వంటివి ఎంత ఓపిక పట్టినా దగ్గరికి రావు. మీ మనసు వాటి మీదికి పోయిన రోజున 600 మి.మీ. లెన్స్ అవసరమే. 150–600 జూమ్‌లు ఇంచుమించు రెండు కిలోల బరువుంటాయి. కొనే ముందు ఎవరిదైనా ఒకటి అడిగి తీసుకుని, మీరు ఇప్పుడు నిలబడే చోటే ఇరవై నిమిషాలు చేత పట్టుకుని నిలబడి చూడండి. పక్షి వచ్చే సమయానికి మీ చేతులు ఇంకా కుదురుగా ఉంటే, అప్పుడు కొనండి.